రెండు ముక్కుల రాజు

అడుగుల చప్పుడు విని అతను వెనక్కి తిరిగాడు. బీరువా బార్లా తెరిచి ఉంది. చేతులకు నూలు తొడుగులు, ఆ చేతుల్లో ఒక వెండి కడ్డీ.

గుమ్మంలో తల తుడుచుకుంటూ ఓ భారీ మనిషి నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అప్పుడే మొదలెట్టేశారా!" అన్నాడు భారీ మనిషి, మొహమంతా నవ్వుతో. "నేను స్నానం చేసొచ్చేలోగా పనిలో దిగిపోయారే! ఫోన్లో మీతో మాట్లాడింది నేనే. అవునూ, బీరువా ఎవరు తీశారు?"

"నేనే అన్నయ్యా."

భారీ మనిషి చెల్లెలు. తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వెండి చూడ్డానికి వచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెట్టడం దేనికని తీసిచ్చాను."

లోపలికొచ్చి తలుపు మూసింది. గడియతో ఆగలేదు. తాళం వేసి చెవి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇదేమిటి?" అన్నాడు అన్నయ్య.

"నాన్న సొమ్ము సంగతి తేలేదాకా ఎవరూ గది దాటొద్దు. రేపు నువ్వలా అన్నావనీ నేనిలా అన్నాననీ మనకొద్దు."

"నా మీద అంత నమ్మకమన్నమాట!"

"ఉన్నదున్నట్టు తేలితే గొడవే లేదు. లేదంటే వీధి చివర పోలీసు స్టేషనుంది, అక్కడే తేల్చుకుందాం."

మాటలు అన్నయ్యతోనే. చూపు మాత్రం వెండి పట్టుకున్నవాడి మీద ఉంది.

అతను గది నాలుగు మూలలా చూశాడు. ఒక్కటే కిటికీ. దాని ఊచల మధ్య పిల్లి కూడా పట్టదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"త్రాసు తెచ్చుకోలేదా మీరు?" అన్నాడు అన్నయ్య.

"నాన్నది ఉందిగా," అంది చెల్లెలు.

చనిపోయిన వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. డబ్బివ్వలేనివాళ్ళు పాత నాణేలిచ్చి పోయేవారు. కాస్త మిగిలినప్పుడల్లా ఓ కడ్డీ కొనేవాడు. ఆయన చిన్న త్రాసు, కంటికి బిగించుకునే భూతద్దం ఇంకా బల్ల మీదే ఉన్నాయి. అతను వాటి ముందు కూర్చున్నాడు.

కడ్డీని వేలి చివర నిలిపి గోటితో కొట్టాడు. సన్నగా, చాలాసేపు మోగింది. జేబులోంచి ఆకురాయి తీసి అంచున చిన్న గీత గీశాడు. లోపల కూడా తెలుపే. ఇంకో కడ్డీ తీశాడు. ఎంత తొందరగా ముగిస్తే అంత మంచిదనుకున్నాడు. కానీ ఆమె ప్రతి కడ్డీ దగ్గరా ఆపి, "ఇది కూడా గీసి చూడండి" అంటోంది.

బయట గదిలో ఫోను మోగింది. అన్నయ్య లేవబోయాడు.

"తర్వాత మాట్లాడొచ్చు," అంది చెల్లెలు. గుప్పిట విప్పలేదు. ఫోను మోగి మోగి ఆగింది.

నాణేలు వెలుతుర్లో చూపిస్తానంటూ అన్నయ్య అతన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించాడు.

"ఫోన్లో అనుకున్నదే. కడ్డీల్లో సగం కల్తీ అనండి. కడ్డీలు నాకు, నాణేలు దానికి, చెల్లుకి చెల్లు అయిపోతుంది. మీ సంగతి నేను చూసుకుంటాను."

అతను కిటికీ ఊచల్లోంచి వీధిని చూశాడు. జనం ఎంత హాయిగా నడిచిపోతున్నారో! తనేమో అడకత్తెరలో పోకచెక్క.

"ఏమంటున్నాడు మా అన్నయ్య?" అంది చెల్లెలు.

"ఏం లేదమ్మా. ఇక్కడ వెలుతురు బాగుందంటున్నారు."

"అయితే మీకు కనబడిందే చెప్పండి."

అతను బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. "కడ్డీలన్నీ సొక్కం. వీసమెత్తు కల్తీ లేదు. ఈ నాణేలు వాటికి ఏమాత్రం సరిరావు."

అన్నయ్య మొహం మాడిపోయింది. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు రాజుకున్నాయి. నాన్నకి మందులు ఎవరు కొన్నారు, పక్కన ఎవరు కూర్చున్నారు... ఆ గొడవలో అతన్ని ఎవరూ చూడటం లేదు.

నాణేలు తిరగేస్తున్న అతని వేళ్ళు ఒకచోట ఆగాయి. భూతద్దం బిగించాడు. రాజుగారికి రెండు ముక్కులు! అచ్చు రెండుసార్లు పడింది. ఇలాంటిది చేతికి రావాలంటే పెట్టి పుట్టాలి. తొడుగు మడతలోకి జారిపోయేంత చిన్నది.

"అది ఉందా ఇంకా?" అంది ఆమె, ఏడుపు గొంతుతోనే. "నాకు జ్వరమొస్తే నాన్న దాన్నే నుదుటి మీద పెట్టేవాడు. రాజు రెండు ముక్కులతో జ్వరం పీల్చేస్తాడనేవాడు."

అతను చెయ్యి చాపి నాణేన్ని బల్ల మధ్యలో పెట్టాడు.

"దీన్ని తూకానికి అమ్మకండమ్మా. టంకశాలలో జరిగిన పొరపాటు ఇది. నాణేలు పోగుచేసేవాళ్ళు ఓ కడ్డీ వెల కళ్ళకద్దుకుని ఇస్తారు."

చివరికి తేలింది. రెండు ముక్కుల రాజు చెల్లెలికి. బదులుగా అన్నయ్యకి ఒక కడ్డీ ఎక్కువ. మిగతావన్నీ చెరిసగం. అన్నయ్య పళ్ళు నూరుతూనే ఒప్పుకున్నాడు, కాగితం మీద సంతకమూ చేశాడు. తన వాటా ఎత్తుకుని, అతని వైపు ఓ కొరకొర చూపు విసిరి, చెల్లెలు తాళం తియ్యగానే విసురుగా వెళ్ళిపోయాడు.

అతను వీధి గుమ్మం వైపు నడవబోయాడు.

"అటు కాదు, ఇటు రండి," అంటూ ఆమె వంటింట్లోంచి దారితీసింది. పెరటి తలుపు తెరిచింది. చల్లగాలి మొహానికి తగిలేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఆమె వెనక్కి ఓసారి చూసి, నెమ్మదిగా చెప్పింది.

"మా అన్నయ్య ఫోన్లో కొనేసిన అసలు మనిషి వచ్చే వేళయింది, ఇందాక ఏ గోడ దూకి వచ్చారో ఆ గోడే దూకి వెళ్ళిపోండి."