నీరు తాగే రాయి

ఒతీలియా రాయిని ఎత్తుకుపోయింది ఆమె తమ్ముడు నికానోరే. మగ్దలేనాలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆమె మొగుడి పేరు హాసింతో; అందరికీ అతనే చెప్పాడు.

చల్లారిన అగ్నిపర్వతం మీద బతికే ఊరు అది. కొండ తవ్వి ఓపల్ రాళ్లు తీస్తారు. ఇంట్లో కూర్చుని చేత్తో సానపడతారు. ఈ రాయి మాత్రం గనివాళ్లు పారేసిన రాళ్లకుప్పలో ఒతీలియాకు దొరికింది. హాసింతో దాన్ని కర్ర చివర లక్కతో అతికించి, మూడు రోజులు సానపట్టాడు. శనగగింజంత తేలింది.

పొడిగా ఉంటే లోపల ఎర్రగా, పచ్చగా నిప్పు కదిలేది. నీళ్లలో వేస్తే మెల్లగా నీరు తాగి తానూ నీరైపోయేది. వేలితో తడిమితే తప్ప ఉన్నట్టే తెలిసేది కాదు. ఆరాక మళ్లీ నిప్పు. అలాంటిది ఊళ్లో ఇంకొకరి దగ్గర లేదు.

ఒతీలియా మంచం పట్టిన నెలంతా నికానోర్ రోజూ వచ్చాడు. రాయి చూపించమని అక్కను పదేపదే అడిగాడు. ఆమె పోయిన రోజు హాసింతో డబ్బీ తెరిచాడు. దూది ఉంది. రాయి లేదు.

తొమ్మిది రోజులు ప్రార్థనలు జరిగాయి. ఆమె ఫొటో ముందు కొవ్వొత్తులు, బంతిపూలు పెట్టారు. పోయినవాళ్లకు దారిలో దాహం వేస్తుంది కనుక, మంచం పక్కనున్న అంచు చిట్లిన గ్లాసును నీళ్లతో పాటు అలాగే తెచ్చి పెట్టారు. నీళ్లు కాస్త తగ్గితే చాలు, పిచ్చితల్లి తాగింది అంటూ ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని మళ్లీ నింపేవారు. తొమ్మిదో రోజున ఆచారం ప్రకారం ఆ నీళ్లు వీధిలోకి పోయాయి.

ఆ తొమ్మిది రోజులూ హాసింతో బావమరిది మీద నుంచి చూపు తిప్పలేదు. ఐదో రోజున నికానోర్ కొత్త బూట్లతో వచ్చాడు. ఇంకేం రుజువు కావాలి?

పదో రోజున హాసింతో ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని వాడి ఇంటి మీదికి వెళ్లాడు. అలాంటి రాయిని సానపట్టేవాడు ఎక్కడ దాస్తాడో అతనికి తెలుసు. కుండలు, బకెట్లు, కోళ్లు నీళ్లు తాగే మూకుడు, ఏదీ వదల్లేదు. అన్నిట్లోనూ చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు. దొరకలేదు. అంటే అప్పటికే అమ్మేశాడన్నమాట.

తర్వాత నికానోర్ చేతికి సానపట్టమని ఎవరూ రాయి ఇవ్వలేదు. వాడు కిత్తలి చేలల్లో కూలికి పోయాడు. ఏటా అక్క పోయిన రోజున మాత్రం వచ్చి వీధిలో నిలబడేవాడు. హాసింతో గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు.

ఆరో ఏడాదీ వచ్చాడు. అప్పటి మట్టివీధికి ఇప్పుడు సిమెంటు పోశారు.

"బావా, అక్కకు ఒక్క కొవ్వొత్తి వెలిగించి పోతాను."

"దోచుకున్నది చాలక దీపం కూడానా?"

"ఈ చేతులు చూడు. సానచక్రం మీద ఆడిన చేతులు, గడ్డపార పట్టి ఎలా అయ్యాయో. చర్చి ముందు ఒక్క మాట చెప్పు, నేను దొంగను కానని. నువ్వు చెబితే రేపే పని ఇస్తారు."

"రాయి తే. చెబుతాను."

"లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"నీ బూట్లనడుగు."

నికానోర్ కిందికి చూసుకున్నాడు. అవే బూట్లు. తీగతో కట్టి ఉన్నాయి.

హాసింతో తలుపు వేశాడు.

లోపల వంటగదిలో ఎపిఫానియా ముసలమ్మ కాఫీ తాగుతోంది. చివరి రోజుల్లో ఒతీలియాకు సేవ చేసిన మనిషి. ఒతీలియా పోకముందే ఒక సాయంత్రం కూతురి పురిటికని కొలీమా వెళ్లి, అక్కడే ఉండిపోయింది. ఇన్నాళ్లకు ఈ పొద్దున్నే బస్సు దిగింది. సాయంత్రం బస్సుకు మళ్లీ పోతుంది.

"నీ పెళ్లాం గడుసుది నాయనా," అంది. "'చూపించు చూపించు అని నా తమ్ముడు ప్రాణం తీస్తున్నాడు. వాడి కళ్లముందే పెడతాను, కనుక్కోమను చూద్దాం' అంటూ నేను ఊరెళ్లే సాయంత్రం ఆ రాయిని నా చేత మంచం పక్క గ్లాసులో వేయించింది. నీకు పొద్దున చెబుతానంది. ఏదీ, ఒకసారి చూపించు."

ఆ పొద్దుటికి ఒతీలియాకు మాట పడిపోయింది.

హాసింతో కిటికీలోంచి చూశాడు. నికానోర్ వీధిలో మోకాళ్ల మీద కూర్చుని, సిమెంటు మీద కొవ్వొత్తి నిలబెడుతున్నాడు. గాలికి అది ఆరిపోతోంది. చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ వెలిగిస్తున్నాడు.

"ఆ గ్లాసు పక్కన రోజూ కూర్చున్నది వాడే," అన్నాడు హాసింతో.

"అయ్యో. సొంత తమ్ముడు." ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది. కప్పు కింద పెట్టింది.

తొమ్మిదో రోజున ఆ గ్లాసు ఎత్తి నీళ్లు వీధిలోకి విసిరింది తానేననీ, ఆ విసురుకు ఎదురింటి గోడకు ఏదో ఠక్కున తగిలితే గ్లాసు పెచ్చు అనుకున్నాననీ హాసింతో ఆమెతో అనలేదు, ఇక ఎవరితోనూ ఆ రాయి మాటే ఎత్తలేదు.