ఆగితే నేరం

"బండి ఆగిందా, లాక్కుపోతాను!" ఇన్‌స్పెక్టర్ రుఫినో ఈల ఊదాడు.

"ఆగితేగా!" ఎర్మెలిందా మొక్కజొన్న పిండి తమాలేల బండి తోస్తూనే అరిచింది. "తోపుడుబండి వీధిలో నిలబడకూడదని తీర్మానించింది మీ కౌన్సిలే. నడుస్తోంది, చూసుకో!"

కొన్నవాళ్లు పక్కనే నడుస్తూ, మొక్కజొన్న ఆకులు విప్పి వేడివేడి తమాలేలు తింటున్నారు. చౌక్ చుట్టూ తిరిగేసరికి సగం ఊరు వెంటబడింది.

మేయర్ బాల్కనీలోంచి కేకేశాడు. "ఏంట్రా ఈ ఊరేగింపు? ఆపించు!"

"ఆగితే నేరం కదా సార్!" అన్నాడు రుఫినో.

"మరి నువ్వెందుకురా ముందు నడుస్తున్నావు?"

రుఫినో వెనక్కి చూశాడు. జనమంతా తన వెనకే. ఎర్మెలిందా అలసిపోయి బండి మీదికి వాలిపోతోంది. బండి ఆగబోతోంది.

అతను బండి మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యరా, దొంగా!"

రుఫినో ఈల జేబులో పడేశాడు.

"తోస్తున్నాను పిన్నీ. నువ్వు తిట్టు, ఆగకు."