వెదురు చెంచా

తైషో చక్రవర్తి గద్దెనెక్కిన రెండో చలికాలం. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు కుసుమోతో అనే ఆయన మా ఒసాకా సందు పటం నా ముందు పరిచాడు. కంఠసర్పి అనే గొంతు జబ్బు సోకిన పిల్లలున్న ప్రతి ఇంటి మీదా ఎర్రచుక్క.

"చూశావా ఒతోసే? ఏడో ఇంట్లో మొదలై సందు చివరిదాకా వరసగా పాకింది. జబ్బు నడకని ఇంత కచ్చితంగా ఎవరూ పట్టుకోలేదని పైవాళ్లు మెచ్చుకున్నారు."

"మరి మొదటి ఆరిళ్ల పిల్లలకి ఏమీ కాలేదేం?"

"వాళ్ల అదృష్టం."

సందు పెత్తనం నాది కాబట్టి, అంతకుముందు జరిగిన గొంతుల తనిఖీనాడు ఆయన వెంట ఇల్లిల్లూ తిరిగింది నేనే. పిల్లల్ని దాచిన తల్లుల్ని తిట్టి మరీ బయటికి రప్పించాను. మొదటి గుమ్మం నుంచి ఆఖరి గుమ్మం దాకా ఆయన ఒకే వెదురు చెంచాతో అందరి నాలుకలూ నొక్కి గొంతులు చూశాడు. చూసినప్పుడల్లా దాన్ని చేతిరుమాలుతో తుడుచుకున్నాడు.

"అది జబ్బు నడక కాదయ్యా, మీ నడక," అన్నాను.

ఆయన పటం చుట్టేశాడు.

ఎనిమిదో ఇల్లు మాది. ఈ జబ్బుతో పోయిన మా మనవడు తనిఖీ రోజు నోరు తెరవనని మొండికేస్తే, ముక్కు మూసి తెరిపించింది నేనే.