ఇంకాస్త బేసు

"సాల్దు బాబూ. ఇంకాస్త బేసు పెట్టు," అన్నాడు సోంబరు, జీపు చుట్టూ తిరుగుతూ.

రమణమూర్తికి ఒళ్ళు మండింది. అరకులో రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే కొట్టు అతనిదొక్కటే. ఆ రోజు కొట్టు తెరిచేసరికే ఈ జీపు డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జీపులో యాంప్లిఫయరు బిగించాలి, పెద్ద ఊఫరు పెట్టాలి, ఇవాళే కావాలి. అంత తొందరైతే నిన్నే రావలసిందన్నాడు రమణమూర్తి. నిన్న అవసరం లేదన్నాడు సోంబరు.

టేకుచెక్క పెట్టెలో ఊఫరు కూర్చోబెట్టాడు. సందుల్లోంచి గాలి పోతే మోత పలచబడుతుందని మైనంతో పూడ్చాడు. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ లాగి, సోంబరు తెచ్చిన క్యాసెట్టు పెట్టాడు.

అది సోంబరు తండ్రి భీముడి డోలు. పోయిన పండక్కి ఊళ్ళో థింసా ఆడుతుంటే రమణమూర్తే రికార్డు చేసి ఇచ్చాడు. డోలుతోబాటు సన్నాయిలా కూసే మోరి కూడా ఖణేల్మని పలికింది. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

"మోరి తీసీ బాబూ."

"తీసీడం ఏటిరా? అదే గదా అందం."

"మోరి ఇనపడకూడదు. డోలే ఇనపడాల. మూడు కొండలకీ ఇనపడాల."

ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుంటూ రమణమూర్తి చిన్న స్పీకర్ల తీగలు పీకేశాడు. మోరి పలికే సన్నటి స్వరం వినపడకుండా ట్రెబులు మొత్తం తగ్గించాడు. ఏ గుంటనైనా చూసుకున్నావా, పెళ్ళి పిలుపా అని వేళాకోళమాడాడు. సోంబరు ఎండ ఎంతవరకు వాలిందో చూడ్డానికి మళ్ళీ బయటికెళ్ళాడు.

ఇంత యాతనెందుకు, ఎవరిచేతనైనా కబురు పెట్టొచ్చుగా అన్నాడు రమణమూర్తి.

"కబురెడితే ఎవుడూ రాడు. డోలు పిలవాల. పొద్దుగూకితే కొండ దిగరు. జనం రాపోతే మా నాయనకి పరువేటుంటాది? బేగి కానీ బాబూ."

మరి ఆ నాయనే వాయించొచ్చుగా అంటే, ఆయన చెయ్యి ఆడటం లేదన్నాడు. వేరేవాళ్ళ దెబ్బ కొండ దాటదన్నాడు. ముసలాయనకి వాతం కాబోలనుకున్నాడు రమణమూర్తి. కొట్టు మూసి తనూ జీపెక్కాడు. పెట్టె మధ్యలో మొరాయిస్తే పోయేది తన పేరే. పైగా పెళ్ళింట పొట్టేలు కూర ఉండకపోదు.

సోంబరు గతుకులు కూడా చూడకుండా తోలాడు. ఊరి మొగదల జీపు ఆపి, ఇంజను నడుస్తుండగానే మోత పూర్తిగా పెంచాడు. డోలు గుండెల్లో గుద్దింది. జీపు రేకులు వణికాయి.

కొండల మీద ఎవరూ కదల్లేదు.

"ఇంకాస్త బాబూ."

మోత పెంచే మర అప్పటికే చివరిదాకా తిప్పేసి ఉంది. రమణమూర్తికీ ఇప్పుడు బెంగ పట్టుకుంది. జీపు వెనక్కి తిప్పించి, పెట్టె నోరు లోయ వైపు పెట్టించాడు. ఇద్దరూ కొండలకేసి చూస్తూ నిలబడ్డారు. సోంబరు చొక్కా అంచు నలుపుతూనే ఉన్నాడు.

ముందు నడిమి కొండ మీద కదలిక కనిపించింది. తర్వాత మిగతా రెండిటి మీదా. కాలిబాటల వెంట జనం బారులు తీరి దిగుతున్నారు.

"వత్తన్నారు," అని సోంబరు నేల మీద చతికిలబడ్డాడు.

మోరి లేని డోలు చావుకే మోగుతుందని తెలిసి ఇంటికో కట్టె భుజాన వేసుకుని దిగుతున్న ఆ జనానికి, తెల్లారగట్ల పోయింది ఆ డోలు వాయిస్తున్న భీముడేనని ఇంకా తెలియదు.