పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ

“మళ్ళీ ఎర్రరేనండీ!” జాయ్సీ గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

పై వాటాలో ఉండే హేమంత్‌కుమార్ కుర్చీ ముందుకి జరుపుకుని తెర చూశాడు. ఒంటిమీద మడత నలగని తెల్ల చొక్కా, కింద గళ్ళ లుంగీ. తల నున్నగా దువ్వి ఉంది. వై-ఫై బాగుచెయ్యమంటే పెళ్ళిచూపులకి సగం తయారైనవాడిలా దిగాడేమిటని ఆమెకి చిరాకూ నవ్వూ కలిసే వచ్చాయి.

పదకొండింటికి ఆమెకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో బిల్లులు కొట్టుకుంటున్న పిల్లకి ఇన్నాళ్ళకి వచ్చిన మొదటి పిలుపు. కోడింగ్ పరీక్ష ఉంది కాబట్టి ఫోన్‌లో కుదరదు. పాత కంప్యూటర్లో లినక్స్ వేసుకుంది గానీ, కొత్తగా కొన్న వై-ఫై డాంగిల్‌ని అది గుర్తుపట్టనే లేదు. దాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, సోర్సు తెచ్చి ఇక్కడే కంపైల్ చెయ్యాలి.

“పోనీ, మీ లాప్‌టాప్ కాసేపు ఇస్తారా?”

హేమంత్ ఇబ్బందిగా కదిలాడు. “ఇద్దును గానీ, పదిన్నరకి దాంతో పనుందండీ. ఈలోగా ఇది అయిపోతుంది లెండి.”

ఏం పనో, ఏ సినిమానో! జాయ్సీ మనసు చివుక్కుమంది.

నెట్ కోసం అతను తన ఫోన్‌ని కేబుల్‌తో తగిలించాడు. ఫోన్ పిన్ను వదులు. వేలితో నొక్కిపట్టుకుంటేనే నెట్ నిలుస్తోంది. కంపైల్‌కి కావలసిన కెర్నల్ హెడర్ ఫైళ్ళు దిగాయి. కంపైల్ చెయ్యమని ‘మేక్’ కమాండ్ కొడితే మళ్ళీ ఎర్రర్. లినక్స్ కెర్నల్ కొత్తది, డ్రైవర్ పాతది. ఇంకో సోర్సు వెతికి దించడం మొదలుపెట్టాడు.

జాయ్సీ తల్లి హన్నమ్మ టీ తెచ్చింది. “ఇస్త్రీ చొక్కా మా పిల్ల కోసమేనా బాబూ?”

“ఊరుకో అమ్మా!”

హేమంత్ సిగ్గుపడిపోయాడు. మాట మార్చడానికన్నట్టు, “ఏ కంపెనీ అండీ?” అన్నాడు.

జాయ్సీ చెప్పింది. “ఒక్కటే పోస్టంట. నాకెక్కడొస్తుంది లెండి.”

అతను కేబుల్‌ని ఇంకాస్త గట్టిగా నొక్కిపట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. “ఒక్కటైతే చాలదా అండీ?”

పదిన్నర దాటగానే అతని ఫోన్ మోగింది. కట్ చేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశాడు.

“ఎవరండీ?”

“ఎవరో కంపెనీ వాళ్ళు.”

“మీకేదో పనుందన్నారుగా?”

“కేబుల్ వదిలితే డౌన్‌లోడ్ మొదటికొస్తుందండీ.”

ఈసారి ‘మేక్’ ఎక్కడా ఆగలేదు. తెర మూల వై-ఫై గుర్తు వెలిగింది. జాయ్సీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. లాప్‌టాప్ ఇవ్వలేదని లోలోపల తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

“కంగారుపడకుండా చెప్పండి,” అంటూ లుంగీ సర్దుకుని అతను మేడ మెట్లెక్కాడు.

ఆమె ముందుగానే లింకు నొక్కింది. అటువైపు తెలుగావిడే, నవ్వుతూ పలకరించింది. “మంచిదమ్మా, ఇప్పుడే మొదలుపెడదాం. మీ ముందు టైము ఖాళీగానే ఉంది.”

“అదేంటి మేడమ్?”

“మీ ఊరబ్బాయే, హేమంత్‌కుమార్ అని, రాలేదు.”