మూడో పాటలో పేరు

“ఇంకా మనదాకా రాలేదా?” జడలో మందారం సర్దుకుంటూ అడిగింది ఎదిల్మా.

“ఇంకా పోర్చుగీసు పాటలకే ఇస్తున్నారు,” అన్నాడు ఆమె మొగుడు నికనోర్. ఒళ్లో విప్పిన అకార్డియన్ పెట్టుకుని, దానిలో స్వరం పలికే రీడు రేకును ఆకురాయితో నెమ్మదిగా రుద్దుతున్నాడు.

లాటిన్ గ్రామీ సంగీత పురస్కారాల్లో పెద్ద బహుమతులు రాత్రి టీవీలో ఇస్తారు. కొలంబియాలోని ఈ వాయెదుపార్ ఊరివాళ్ల ‘వాయెనాతో’ అనే అకార్డియన్ పాటలకైతే మధ్యాహ్నమే, ఫోన్లో చూసుకోవాలి. మామిడి నీడలో, నీళ్ల గ్లాసుకు ఆనించిన ఫోన్లో ఎవరో బ్రెజిల్ గాయని కన్నీళ్లతో ఏదో చెబుతోంది. భాష తెలియకపోయినా ఎదిల్మాకు అది తన గురించే అనిపించింది. ఏడాదిగా ఆమెకు గాలి వీచినా అలాగే అనిపిస్తోంది.

పాట మధ్యలో తమకిష్టమైనవాళ్ల పేరు కేకేసి పిలవడం ఇక్కడి గాయకులకు అలవాటు. ఈ ఊరి గాయకుడు ఎవారిస్తో, బహుమతి పోటీలో ఉన్న తన కొత్త ఆల్బం మూడో పాటలో, అకార్డియన్ కాస్త ఊపిరి పీల్చుకునే చోట, “ఎదిల్మా! నువ్వు నవ్వితే ఏరు ఆగి చూస్తుంది!” అని పిలిచాడు. వీధిలో ఆ పేరున్నది ఈమె ఒక్కతే. పెళ్లికి ముందు పండగలో ఎవారిస్తో తనవైపే చూస్తూ పాడాడని ఆమెకు గట్టి నమ్మకం. ఆ పిలుపు విన్నప్పటినుంచి ఆమె కాళ్లు నేలమీద ఆనడం లేదు.

“నలభై ఏళ్ల కాపురంలో ఒక్కసారైనా నువ్వలా పిలిచావా?”

“నాకంత గొంతెక్కడిదే?”

“గొంతు కాదయ్యా, మనసుండాలి! పోయినేడు నెల్లాళ్లు ఆయన అకార్డియన్ బాగుచేశావు. ఏమిచ్చాడంటే చెప్పవు.”

“అడిగింది ఇచ్చాడన్నానుగా.”

ఫోన్లో బహుమతికి ఎవారిస్తో పేరు చదివారు. వీధి వీధంతా ఈలలు. తెల్లజుట్టు ఎవారిస్తో టోపీ చేతబట్టుకుని మైకు దగ్గరికొచ్చాడు. ఎదిల్మా ఊపిరి బిగబట్టింది. లోకమంతా వింటుండగా ఒక్కసారి తన పేరు చెబితే చాలు, ఈ జన్మకింకేమీ అక్కర్లేదు ఆమెకు.

ఎవారిస్తో తల్లిని తలుచుకున్నాడు. డోలు వాయించినవాడికి, పాట రాసినవాడికి దణ్ణాలు పెట్టాడు. ఇక చాలన్నట్టు వెనకనుంచి సంగీతం లేచింది.

నికనోర్ గబుక్కున ఫోన్ మీదికి చెయ్యి చాపాడు. “చార్జింగు అయిపోయేట్టుంది, ఆపేద్దాం.”

“ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా, కుళ్లుబోతు ముసలాడా!”

“ఒక్క మాట, ఒక్క మాట!” ఎవారిస్తో మైకు వదల్లేదు. “మూడో పాటలో ఎదిల్మా ఎవరని అందరూ అడుగుతున్నారు.”

ఆమె కళ్లు మూసుకుంది. చెవుల్లో అకార్డియన్ మోగుతోంది, ఎక్కడో దూరాన ఏరు ఆగినట్టే ఉంది. ఎవారిస్తో నవ్వాడు.

“నికనోరన్నా, కూలి వద్దని నాచేత పలికించిన ఆ మాట నీదేనని ఇకనైనా ఆమెకు చెప్పవయ్యా!”