ఖాళీ మేకు

మా టెక్సస్ డెల్బర్ట్‌కి అద్దాల బీరువా నిండా రివాల్వర్లే. అన్నీ ఇంటి రక్షణకట! వాటిని తగిలించే మేకుల్లో ఒక్కటి ఖాళీగా ఉందని, ఇంకో రివాల్వర్ ఎంచుకోవడానికి కేటలాగు తిరగేస్తున్నాడు.

"పాము! తుపాకీ పట్రా!" వరండాలోంచి భార్య వెర్నా అరిచింది.

డెల్బర్ట్ బీరువా తెరిచాడు. "ఏది తెమ్మంటావే? వీటిలో ఒక్కటీ ఇంతవరకూ పేల్చలేదు. పేలిస్తే ధర పడిపోతుంది!"

"నీ ధర తగలెయ్య! కాళ్ల దగ్గరే తోక గలగలలాడిస్తోంది!"

ఆ వెంటనే ధబ్బుమని చప్పుడైంది.

డెల్బర్ట్ తీరిగ్గా బయటికొచ్చి, చచ్చిన పామును చూశాడు. "అయితే పాముల కోసం విడిగా ఒకటి కొనాల్సిందే."

వెర్నా నెత్తురోడుతున్న పారతో లోపలికెళ్లి, దాన్ని ఖాళీ మేకుకి తగిలించింది. అతను తీసెయ్యబోయాడు.

"ముట్టుకోకు. నీ చెయ్యి తగిలితే దీని ధర పడిపోతుంది."